బొమ్మ ఎవరిది?

2022 జనవరిలో అమెరికాలో ఒక అట్టకాగితం వేలంలో 33 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. ఆనాటి మారకంలో అది సుమారు 25 కోట్ల రూపాయలు. ఆ అట్ట మీద ఉన్నది ఏ రఫాయేలో చిత్రించిన దేవమాత కాదు. 1984లో చౌకకాగితం మీద అచ్చయి, పిల్లల చేతుల్లో నలిగిన ఒక బొమ్మల కథలో 25వ పుటకు మూలచిత్రం. స్పైడర్‌మాన్ అనే సాలెపురుగు మనిషి మొట్టమొదటిసారి నల్లదుస్తులు తొడుక్కోవటం ఆ పుటలోని విశేషం. దాన్ని గీసిన మైక్ జెక్ పేరు మనలో చాలామందిమి విని ఉండము. సాలెపురుగు మనిషిని ఎరగని పిల్లవాడు మాత్రం నేడు నంద్యాలలోనూ లేడు, ఆళ్ళగడ్డలోనూ లేడు.

ఈ సంగతి మా అధ్యాపకుల గదిలో చర్చకు వచ్చినప్పుడు మిత్రులు రెండు మాటలతో తేల్చివేశారు. డబ్బు ఎక్కువై ఏం చేయాలో తోచనివాళ్ళ పిచ్చి ఇది అన్నారొకరు. లోకాన్ని ఒంటిచేత్తో ఉద్ధరించే వీరుడి బొమ్మలు సామ్రాజ్యవాదం పిల్లలకు పట్టే ఉగ్గుపాలు, వాటి జోలి మనకెందుకు అన్నారు మరొకరు. రెండు మాటల్లోనూ నిజం లేకపోలేదు. కాని విమర్శ అక్కడితో ఆగిపోతే అది విమర్శ కాదు, చీదరింపు. ఒక వస్తువుకు 25 కోట్లు పలికిందంటే ఆ విలువ ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి చేతిమీదుగా ఎవరి జేబులోకి పోయింది అని అడగటం మార్క్స్ మనకు నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని పత్తిబేలుకూ బొగ్గుబస్తాకూ వర్తింపజేసి, బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వదిలివేయటం ఎందుకు?

సేకరించేవారు సేకరిస్తున్నది దేన్నో ముందు తెలుసుకోవాలి. వాళ్ళు కోరేది అచ్చుపుస్తకాన్ని కాదు. దాని సేకరణ వేరే వ్యసనం. వాళ్ళు కోరేది అచ్చుకు పూర్వం చిత్రకారుడి బల్ల మీద ఉన్న అట్టను. అమెరికన్ కామిక్ పుటను అచ్చులో కనిపించే కొలతకే గీయరు. 1960ల చివరిదాకా అచ్చుకు దాదాపు రెట్టింపు కొలతలో గీసేవారు, తరువాత ఆ కొలత తగ్గించారు. ఒకరు పెన్సిలుతో బొమ్మ వేస్తారు. ఇంకొకరు ఆ గీతల మీద కుంచెతోనో పాళీతోనో నల్లసిరా దిద్దుతారు. మూడోమనిషి మాటల బుడగల్లో అక్షరాలు రాస్తాడు. రంగు ఆ అట్ట మీద పడేది కాదు. నాలుగోమనిషి నకలు ప్రతి మీద రంగులు వేసి, ఏ రంగు ఎంతపాలో అచ్చువాళ్ళకు గుర్తులు రాసి ఇచ్చేవాడు. అందుచేత సూపర్‌మాన్ భుజాన వేలాడే ఎర్రబట్ట మూలచిత్రంలో తెల్లగానే ఉంటుంది.

ఇది కర్మాగారం పద్ధతి. నలుగురి శ్రమ కలిసి ఒక పుట అవుతుంది. అచ్చయిన పుస్తకంలో ఆ శ్రమ కనపడదు, కనపడకుండా చేయటమే అచ్చు పని. మూలచిత్రంలో అదంతా పైకి తేలి ఉంటుంది. మొదట తప్పుగా పడిన చెయ్యి తెల్లరంగు కింద మసకగా ఉంటుంది. కెమెరా కంటికి ఆనకుండా నీలిపెన్సిలుతో గీసుకున్న ఆధారపు గీతలు ఉంటాయి. సంపాదకుడు మాట మార్చితే కొత్త అక్షరాల చీటీ కత్తిరించి బుడగ మీద అంటించిన జాడ ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యమైనవి అంచుల్లో రాసిన రాతలు. 1960లలో మార్వెల్ కంపెనీలో ఒక విచిత్రమైన ఆనవాయితీ నడిచింది. స్టాన్ లీ కథను నాలుగు మాటల్లో చెప్పేవాడు, ఒక్కొక్కప్పుడు అదీ లేదు. చిత్రకారుడు ఇరవై పుటల కథను తానే నడిపించి గీసుకొచ్చేవాడు. బొమ్మలు చూసి లీ తరువాత సంభాషణలు నింపేవాడు. ఏ గడిలో ఏం జరుగుతున్నదో, ఎవరు ఏం మాట్లాడాలో జాక్ కర్బీ పుట అంచుల్లో పెన్సిలుతో రాసేవాడు. అచ్చులో అంచులు కత్తిరింపులో పోతాయి. పుస్తకం మీద రచయిత అని లీ పేరు ఉంటుంది. కర్బీ కథలో ఎంత కల్పించాడో చెప్పే సాక్ష్యం మూలపుట అంచున మిగిలి ఉంటుంది.

కాబట్టి మూలచిత్రం అందమైన వస్తువు మాత్రమే కాదు. అది ఒక దస్తావేజు. భూమి తగాదాలో అడంగలు ఎటువంటిదో, శ్రమ తగాదాలో ఈ అట్ట అటువంటిది. దాన్ని ధనికుల ఆటవస్తువు అని తోసివేసే మిత్రులు తమకు తెలియకుండానే యజమాని తరపు వకీళ్ళవుతున్నారు.

ఈ దస్తావేజును కంపెనీలు ఏం చేశాయి? బొమ్మను ఫోటో తీసి బ్లాకు చేసిన తరువాత అట్టతో పని లేదు. డీసీ కంపెనీ 1950, 60లలో ఎన్నో మూలపుటలను ముక్కలు చేసి చెత్తలో పారవేయించింది. కొన్నిటిని కార్యాలయం చూడవచ్చిన పిల్లలకు తాయిలాలుగా పంచిపెట్టారు. మార్వెల్ గోదాముల్లో పెట్టింది. అక్కడినుంచి దొంగతనంగా బయటికి పోయినవి ఎన్నో. చిత్రకారులకు తిరిగి ఇవ్వాలన్న ఆలోచన 1970లలోగాని అమలుకు రాలేదు.

సూపర్‌మాన్ కథ చాలామందికి తెలిసినదే, అయినా ఒక వివరం కోసం చెప్పాలి. జెర్రీ సీగల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో తాము సృష్టించిన వీరుడి మీద హక్కులన్నీ 130 డాలర్లకు అమ్ముకున్నారు. (ఆ తొలినాళ్ళ సూపర్‌మాన్ నేటి సూపర్‌మాన్ కాదు. మూడో సంచికలో అతను రక్షణ ఏర్పాట్లు లేని గనిలోకి ఆ గని యజమానినే దింపి, కార్మికుడు పడే భయం ఎట్లా ఉంటుందో చూపిస్తాడు. సామ్రాజ్యవాదపు ఉగ్గుపాలు అన్న మిత్రుడు ఇది గమనించాలి.) తరువాత కంపెనీ కోట్లు గడించింది. షూస్టర్‌కు చూపు మందగించింది, సీగల్ గుమాస్తా ఉద్యోగం చేసుకున్నాడు. 1975లో గొడవ పత్రికలకెక్కి అల్లరయ్యాక, ఇద్దరికీ ఏడాదికి 20 వేల డాలర్ల చొప్పున భృతి ఇచ్చి పేర్లు మళ్ళీ వేయటానికి కంపెనీ ఒప్పుకున్నది. ఇక నేను చెప్పదలచిన వివరం: 1938లో వాళ్ళకు ఇచ్చిన చెక్కు 412 డాలర్లది. అందులో సూపర్‌మాన్ పద్దు 130, తక్కినవి వేరే పనులకు. ఆ పాత చెక్కు 2012లో వేలానికి వచ్చి లక్షా 60 వేల డాలర్లు పలికింది. ఇద్దరు శ్రామికులను ఒట్టిచేతులతో పంపిన కాగితం కూడా చివరికి సేకరణకు పనికివచ్చే సరుకైంది! సరుకు మాయ గురించి మనం తరగతుల్లో ఎన్ని ఉదాహరణలైనా చెబుతాం. ఇంతకంటె నగ్నమైనది నాకు ఇంకొకటి దొరకలేదు.

కర్బీ విషయం ఇంకా పట్టించుకోవలసినది. అతను న్యూయార్కులో వలస వచ్చిన యూదుల పేటలో బట్టలు కుట్టే కార్ఖానా కార్మికుడి కొడుకు. 1941 తేదీతో వచ్చిన కాప్టెన్ అమెరికా మొదటి సంచిక ముఖచిత్రంలో అతని వీరుడు హిట్లర్ దవడ మీద గుద్దుతాడు; అప్పటికి అమెరికా యుద్ధంలో దిగనేలేదు. 1960లలో మార్వెల్ నిలబడింది అతని చేతి మీద. వేలాది పుటలు గీశాడు, పుటకు ఇంత అని కూలి తీసుకున్నాడు. 1984లో కంపెనీ మూలపుటలు తిరిగి ఇస్తామన్నప్పుడు తక్కిన చిత్రకారులకు చిన్న కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నది, కర్బీకి మాత్రం నాలుగు పుటల దస్తావేజు ఇచ్చింది. అందులోని షరతులన్నిటికీ ఒప్పుకుంటే దక్కేవి 88 పుటలు. అతను సంతకం పెట్టలేదు. సాటి చిత్రకారులు, రచయితలు విజ్ఞాపనల మీద సంతకాలు చేశారు, కామిక్ పత్రికల్లో పోరాటం నడిచింది. 1987లో సుమారు 2 వేల పుటలు అతనికి చేరాయి. కర్బీ 1994లో మరణించాడు. వారసుల తగాదా 2014లో గాని రాజీకి రాలేదు. ఇందులో మన కార్మికోద్యమానికి తెలియనిది ఏమున్నది? పనిముట్టు యజమానిది, పని కూలివాడిది, ఫలితం యజమానిది. ఒక్కటే తేడా. ఇక్కడ కూలివాడు ఫలితం మొత్తాన్ని అడగలేదు, తన చెయ్యి ఆడిన అట్టను అడిగాడు.

హెర్బ్ ట్రింప్ అనే మరో చిత్రకారుడి సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1974లో హల్క్ కథలో వుల్వరిన్ అనే పాత్ర మొదటిసారి కనిపించిన పుట అతను గీసినది. ఆ మూలపుట 2014లో 6 లక్షల 57 వేల డాలర్లకు పోయింది. అదే ట్రింప్ ఆ కంపెనీకే తన వయసంతా పనిచేసి, యాభై దాటాక 1996లో ఉద్యోగం పోగొట్టుకుని, బడిపంతులుగా కొత్త బతుకు మొదలుపెట్టినవాడు.

ఈ మూడు ఉదాహరణలను పక్కపక్కన పెడితే సంత దేనికి వెల కడుతున్నదో తెలుస్తుంది. గీతలోని సొగసుకు కాదు. జెక్, ట్రింప్ అంతకంటె మంచి పుటలు ఎన్నో గీసి ఉంటారు, అవి అందులో నూరోవంతుకు కూడా పోవు. సంత వెల కట్టేది ‘మొట్టమొదటిసారి’కి. నల్లదుస్తులు మొట్టమొదట, వుల్వరిన్ మొట్టమొదట. అంటే కంపెనీ ఆ పాత్రను సినిమాలుగా, బొమ్మలుగా, చొక్కాలుగా అమ్మి పెంచిన ప్రఖ్యాతి తిరిగివచ్చి ఆ అట్ట మీద వాలుతుంది. చిత్రకారుడి సంతకం ధరలో చాలా చిన్న పాలు. సేకరించేవారిలో చాలామంది గీతను ప్రేమిస్తున్నామనుకుంటారు. నిజానికి వాళ్ళు డబ్బు పోస్తున్నది యజమాని ముద్రకు. సేకరణ మీద నా ఫిర్యాదు ఇది, డబ్బెక్కువైన పిచ్చి అన్నది కాదు.

అయితే సేకరించేవాడిని శత్రువుల జాబితాలో చేర్చి ఊరుకునే వీలు లేదు. చెత్తబుట్టల్లోంచి ఆ పుటలను ఏరి, పరుపుల కింద దాచి నిలబెట్టినది విశ్వవిద్యాలయాలు కావు, ప్రదర్శనశాలలు కావు, విమర్శకులమైన మనం అసలే కాదు. మొదట్లో వాటికి ధర లేనినాడు, తమ జీతాల్లోంచి అయిదు పది డాలర్లు పెట్టి కొన్న సామాన్యులే. ఇక్కడ మన వామపక్ష సంప్రదాయంలోనే ఒక పూర్వీకుడున్నాడని గుర్తు చేయాలి. జర్మనీలో ఎడ్వర్డ్ ఫుక్స్ (1870-1940) సోషలిస్టు, వ్యంగ్యపత్రిక సంపాదకుడు, జైలుకు పోయివచ్చినవాడు. పండితులు కళ అని ఒప్పుకోని వ్యంగ్యచిత్రాలను, దోమియే గీసిన బొమ్మలను, చౌకబారు అచ్చుబొమ్మలను వేలకొద్దీ పోగుచేసి, వాటి ఆధారంతో వ్యంగ్యచిత్రాల చరిత్రను సంపుటాలుగా రాశాడు. 1933లో నాజీలు అతని ఇంటి మీద పడి ఆ సేకరణను పట్టుకుపోయారు, తరువాత వేలం వేశారు. అతను పారిస్‌లో ప్రవాసిగా చనిపోయాడు. వాల్టర్ బెన్యమిన్ 1937లో ఫుక్స్ మీద పెద్ద వ్యాసం రాశాడు. కళాచరిత్రను మహాపురుషుల పేర్ల చుట్టూ కాక, అచ్చు, ప్రచారం, జనాదరణల చుట్టూ నడిపిన తొలిమనుషుల్లో ఒకడని అతనికి అందులో స్థానం ఇచ్చాడు. సేకరణ అంతా బూర్జువా వ్యసనం కాదనటానికి ఈ ఒక్క మనిషి చాలు.

ఇక మన ఇంటి సంగతి. మనకు సూపర్‌మాన్ లేడు, కాని భుజాన శవాన్ని వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుడున్నాడు. ఆ బొమ్మ తలుచుకోగానే కళ్ళముందు నిలవని తెలుగు చదువరి ఉండడు. గీసినవాడు శంకర్, అసలు పేరు కె. సి. శివశంకరన్. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన చందమామలో చిత్రా, శంకర్, ఎం. టి. వి. ఆచార్య, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలు, అమెరికన్ పిల్లలకు కర్బీ బొమ్మలు ఎటువంటివో, మన మూడు తరాల పిల్లలకు అటువంటివి. పాపయ్య కశింకోటలో డ్రాయింగు మాస్టరుగా ఉంటూ ‘వపా’ అన్న సంతకంతో చందమామకూ యువకూ ముఖచిత్రాలు వేసినవాడు. చిత్రా, శంకర్ పత్రికలో నెలజీతగాళ్ళు. కథ ఏ భాషలో అచ్చయినా బొమ్మ ఒక్కటే. తెలుగులో, తమిళంలో, హిందీలో, మరాఠీలో మాట మారేది, గీత మారేది కాదు. డజను భాషల పిల్లలకు ఉమ్మడి ఆస్తి అంటూ ఈ దేశంలో ఏదైనా ఉంటే ఆ గీతే.

పైగా ఆ పత్రికతో మనకు దగ్గర బంధుత్వం ఉన్నది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ సంపాదకత్వపు బరువు మోసినవాడు కొడవటిగంటి కుటుంబరావు. ఆయన మార్క్సిస్టన్నది మనం సభల్లో పదేపదే చెప్పుకుంటాం. ఆయన రాసిన నవలల మీద సదస్సులు పెడతాం. ఆయన ప్రతి నెలా బల్ల మీద పెట్టుకుని చూసిన బొమ్మల మీద మాత్రం మన పత్రికల్లో వ్యాసాలు అరుదు. రాజుల కథలు, దెయ్యాల కథలు అని చిన్నచూపు. దాసరి సుబ్రహ్మణ్యం పేరు లేకుండా రాసిన సీరియళ్ళు ఎవరివో పాఠకులు తెలుసుకునేసరికి దశాబ్దాలు గడిచాయి. మార్వెల్ పుటల అంచుల్లోని రాతలు గుర్తు తెచ్చుకోండి.

చందమామ 1998లో కార్మిక వివాదంతో ఆగి, మరుసటి ఏడు తిరిగి మొదలైంది. 2007లో జియోడెసిక్ అనే బొంబాయి సాఫ్టువేరు కంపెనీ దాన్ని కొన్నది. ఆ కంపెనీయే మునిగింది. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. పాత సంచికలను కంపెనీ అంతర్జాలంలో పెట్టింది, కొన్నాళ్ళకు అదీ మూతపడింది. నేడు ఎక్కడో ఒక పిల్లవాడు 1960 నాటి చందమామ చదవగలుగుతున్నాడంటే, అది ఇళ్ళలో దాచుకున్న సంచికలను పుట పుటా స్కాను చేసి పంచిన అభిమానుల చలవ. ఆస్తి యజమానిది, కాపలా పాఠకుడిది. శంకర్ 2020లో తొంభై దాటిన వయసులో మరణించాడు. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. బొమ్మ వేస్తున్న కాలంలో, అంటే అరవై ఏళ్ళపాటు, గుర్తుకు రాలేదు కాబోలు.

ఇక్కడ చట్టం మాట చెప్పాలి, ఎందుకంటే మన చిత్రకారుల్లో, వారి పిల్లల్లో చాలామందికి ఇది తెలియదని నా అనుభవం. అమెరికాలో కంపెనీ కోసం చేసిన పనికి కంపెనీయే కర్త. మన 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను పత్రికల ఉద్యోగుల విషయంలో అంత దూరం పోలేదు. పత్రికలో అచ్చు వేసుకునే మేరకే హక్కు యజమానిది; వేరే ఒప్పందం లేకపోతే, తక్కిన అన్ని విషయాల్లోనూ మొదటి హక్కుదారు గీసినవాడే. 1994లో ఆ చట్టానికి 53ఎ అనే సెక్షను చేర్చారు. మూలచిత్రం గాని, రచన మూలప్రతి గాని 10 వేల రూపాయలు దాటిన ధరకు మళ్ళీ చేతులు మారితే, మొదటి హక్కుదారైన కర్తకు, ఆయన లేకపోతే వారసులకు ఆ ధరలో భాగం రావాలి. ఆ భాగం 10 శాతం మించకూడదు. కాపీరైటు ఉన్నంతకాలం, అంటే కర్త చనిపోయాక 60 ఏళ్ళదాకా, ఈ హక్కు ఉంటుంది. పాపయ్య మరణించినది 1992లో. ఆ లెక్కన 2052 చివరిదాకా. ఫ్రాన్సులో ఇటువంటి హక్కు 1920లోనే వచ్చింది. మన దగ్గర కాగితం మీద ఉన్నది. కాగితం మీద ఉన్నదాన్ని అడగటానికి ఒక సంఘం కావాలి, అది లేదు.

పదిశాతం తెచ్చి చిత్రకారుడి చేతిలో పెడితే న్యాయం జరిగిపోతుందని నేను అనటం లేదు. తొంభై శాతం మాట అట్లాగే ఉన్నది. అయినా ఆ పది అడిగే అలవాటు లేనివాళ్ళు తొంభై గురించి మాట్లాడటం ఉపన్యాసమే అవుతుంది.

ఇదంతా మద్రాసు, న్యూయార్కు సంగతి అనుకోవద్దు. నంద్యాలలో నాతోపాటు పనిచేసి విరమించిన ఒక మాస్టారి దగ్గర బైండు చేయించిన పాత పిల్లల పత్రికలతోపాటు ఒక అట్ట ఉన్నది. ఎప్పుడో ఆగిపోయిన ఒక పత్రికకు వేసిన బొమ్మ: నాగలి పట్టిన రైతు, ఎదురుగా రాక్షసుడు. ఇండియన్ ఇంకు గీతలు గోధుమరంగుకు తిరిగాయి. రాక్షసుడి కొమ్ము ఒకటి తెల్లరంగుతో చెరిపి పొట్టి చేసినట్టు తెలుస్తున్నది. వెనక పెన్సిలుతో ‘లైను బ్లాకు, 4 అంగుళాలు, అర్జంటు’ అని ఉన్నది. సంతకం లేదు. ఆ అట్టను చూసిన తరువాత, పాఠ్యపుస్తకాల్లో ముద్రణాయుగం, పత్రికాయుగం అని మనం చెప్పే మాటలు ఎంత డొల్లగా ఉన్నాయో నాకు అర్థమైంది. అచ్చు అంటే ఒక మనిషి రాక్షసుడి కొమ్ము చెరిపి మళ్ళీ గీయటం, ఇంకొక మనిషి అర్జంటు అని తొందరపెట్టటం. ఎం.ఏ. తెలుగు చదివే మా పిల్లలకు ఆ అట్టను చూపిస్తే గంటసేపు ప్రశ్నలు వేశారు. అదే విషయం మీద నా ఉపన్యాసానికి ఎన్నడూ అన్ని ప్రశ్నలు రాలేదు.

సంతకం లేకపోవటం వాళ్ళకు వింతగా తోచింది. నాకు తోచలేదు, ఎందుకంటే నంద్యాలకు నలభై కిలోమీటర్ల దూరంలో ఆళ్ళగడ్డ ఉన్నది. అహోబిలం పోయే భక్తులు ఆ ఊరి మీదుగానే పోతారు. రోడ్డు పక్కన తాటాకు పందిళ్ళ కింద, రేకుల షెడ్ల కింద తరతరాలుగా శిల్పులు దేవతామూర్తులు చెక్కుతారు. దూరదేశాల గుళ్ళకు కూడా ఇక్కడినుంచి విగ్రహాలు పోతాయి. ఆళ్ళగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఊరికి పేరు వచ్చింది. మనిషి పేరు ఎక్కడ ఉన్నదో చూడాలని, ఈ వ్యాసం రాయాలనుకున్నాక ఒక ఆదివారం పోయాను. ఒక పెద్దశిల్పి ఆంజనేయుడి విగ్రహం మొదలుపెడుతున్నాడు. రాతి మీద ముందు గీత గీసుకుంటారు. ఎంతో పొందికైన గీత. కాగితం మీద ఉంటే ఏ సేకర్తయినా కళ్ళకద్దుకునేది. ఉలి నడిచినకొద్దీ అది రాలిపోతుంది. పేరు ఎక్కడ చెక్కుతారని అడిగాను.

‘దేవుని మింద మా పేరు యాడ రాసుకుంటాం సార్? కొన్నోళ్ళ పేరైతే పీఠం మింద చెక్కమంటారు, చెక్కి ఇస్తాం’ అన్నాడు. పక్కనున్న కొడుకు మాత్రం, ‘ఫోటో తీసి ఫోన్లో పెట్టుకుంటన్నా సార్, రేపు ఎవురన్నా అడిగితే ఇది మేము చేసిందే అని చూపిచ్చేదానికి’ అన్నాడు.

తండ్రి మాటలో భక్తి ఉన్నది, వినయం ఉన్నది. వాటిని గౌరవిస్తాను. కాని ఆ వినయం వల్ల లాభపడేది దాత. అతని పేరు పీఠం మీదికి ఎక్కుతున్నది. కొడుకు ఫోను అంచుల్లో పెన్సిలు రాతకు సమానమైనది. మన విమర్శకుల్లో కొందరు పేరు లేని జానపద కళాకారుడిని ఆకాశానికెత్తుతారు, పేరు లేకపోవటమే నిస్వార్థానికి గుర్తు అంటారు. తమ వ్యాసాల కింద పేరు వేయకపోతే సంపాదకుడికి ఉత్తరం రాసేవాళ్ళే ఈ మాట అనటం విశేషం.

ఇక మిగిలిన ఆక్షేపణ ఒకటి, అన్నిటికంటె బలమైనది. బెన్యమిన్ 1936లో అచ్చు, ఫోటో, సినిమా కళను దాని ఏకైక ప్రతి చుట్టూ ఉన్న పూజామందిరపు కాంతినుంచి విడిపించి జనంలోకి తెచ్చాయని వాదించాడు. కామిక్ పుట, చందమామ బొమ్మ పుట్టినదే అచ్చు కోసం. లక్ష ప్రతుల్లో ఉన్నదే అసలు కళ. దాని మూలాన్ని అద్దాల పెట్టెలో పెట్టి కొలవటం చరిత్రను వెనక్కు తిప్పటం కాదా? ఈ ప్రశ్న మా విద్యార్థి ఒకడు వేశాడు. బాగా వేశాడు. నా జవాబు ఇది. చదువరికి కావలసినది అచ్చుప్రతి, అందులో సందేహం లేదు. మూలం చూడనివాడు కళను కోల్పోయినట్టు కాదు. పూజకు నేనూ వ్యతిరేకినే. కాని ఆ కళను చేసిన చేతుల చరిత్ర రాయబోయేవాడికి అచ్చుప్రతి చాలదు, అది ఆ చేతులను దాచేస్తుంది కాబట్టి. బీరువాలో పెట్టి వేలం కోసం ఎదురుచూసినప్పుడు మూలచిత్రం విగ్రహం. బల్ల మీద పరిచి భూతద్దంతో చూసినప్పుడు అది ఆధారం. వస్తువు ఒక్కటే, అది ఎవరి ఇంట ఉన్నదన్నదే తేడా తెస్తుంది.

2008లో పేరు చెప్పుకోని ఒక సేకర్త, స్పైడర్‌మాన్ మొట్టమొదట కనిపించిన 1962 సంచికకు స్టీవ్ డిట్కో గీసిన 24 మూలపుటలను అమెరికా జాతీయ గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చివేశాడు. వేలానికి పెట్టి ఉంటే ఎన్ని కోట్లు పలికేవో పైన చెప్పిన లెక్కలను బట్టి ఊహించుకోవచ్చు. ఇప్పుడవి పరిశోధకులు అడిగి చూడగల ఆస్తి. పెట్టుబడికి కోట అయిన ఆ దేశంలో జరిగిన పని మన దగ్గర ఎందుకు జరగకూడదు? మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తాళపత్రాలు సేకరించాయి, జిల్లాలు తిరిగి జానపదగేయాలు రికార్డు చేశాయి. పత్రికల బొమ్మల అట్టలు, బ్లాకులు, ప్రెస్సుల కూలి లెక్కల పుస్తకాలు ఆ జాబితాలోకి రావటానికి మనం అడ్డు చెప్పకుండా ఉంటే చాలు, సగం పని అవుతుంది. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఒక గదితో ఇక్కడే మొదలుపెట్టవచ్చు.

మా మాస్టారికి ఈ మాట చెప్పాను. తన అట్టను ఆ గదికి ఇస్తారా అని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ‘నాయనా, నేను చదువుకున్న లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు చెదలు తినటం నా కళ్ళతో చూసినాను. నా బీరువాలో కలరా ఉండలున్నాయి, అక్కడేమున్నాయి?’ అన్నారు. ఈ ప్రశ్నకు సిద్ధాంతంలో జవాబు లేదు. సేకర్తల చేతుల్లోంచి వస్తువులు ప్రజల చేతుల్లోకి రావాలనే మనం, ప్రజల గ్రంథాలయాలకు సిబ్బందినీ బీరువాలనూ సాధించే పోరాటం ఎంత చేశామని ఆయన అడిగినట్టే. ప్రస్తుతానికి ఆ అట్ట ముందువైపూ వెనకవైపూ ఫోటో తీసి, కొలతలు, రాతలు నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాం. గీసినవారెవరో కనుక్కోవటానికి అదే కాలపు పత్రికల్లోని గీతలతో పోల్చే పని ఇద్దరు విద్యార్థులు తీసుకున్నారు. అట్ట ఆయన బీరువాలోనే ఉన్నది.